గోడ తడిపిన వారం

పెరటి గోడకి సిమెంటు పూయించమని మా ఆయన్ని పదకొండేళ్ళు అడిగాను. అడగడం మానేసిన ఏడాది పూయించారు.

ఆయన ఇళ్ళు కట్టించే కాంట్రాక్టరు. ఆయన చేయించిన గోడ మీద అరచెయ్యి వేసి రాస్తే అద్దం మీద రాసినట్టుంటుందని పేరు. మా పెరటి గోడ మాత్రం మామగారి రోజుల్లో మట్టితో కట్టిన ఇటుక గోడ. పూత లేదు. వానలకి మట్టి కరిగి ఇటుకల మధ్య సందులు పడ్డాయి. "వచ్చే నెల మేస్త్రీని పంపిస్తాలే" అనేవారు. వచ్చే నెలకి ఇంకెవరి ఇంటి పనో మీద పడేది. ఆ మాట మా ఇంట్లో ఎంతగా అరిగిపోయిందంటే, ఎప్పటికీ తెమలని పని ఏదైనా ఉంటే మా అత్తగారు "అది పెరటి గోడ పనిలే" అనేవారు.

ఆ ఏడు చలి తగ్గుతుండగా గోడ వారన టమాటా, వంకాయ మొక్కలు వేశాను. ఒకరోజు పొద్దున కలుపు తీస్తూ ఉంటే మోచేతి పక్కనుంచి ఏదో దూసుకుపోయి గోడలో మాయమైంది. కదలకుండా కూర్చున్నాను. రెండు నిమిషాలకి ఇటుకల మధ్య మట్టిలోంచి, పెన్సిలు పట్టేంత కన్నంలోంచి, ఒక తల బయటికొచ్చింది. తేనెటీగ కన్నా కాస్త బొద్దుగా ఉంది. నల్లటి పొట్ట మీద అడ్డంగా నీలి చారలు. మామూలు నీలం కాదు, తడిసిన గాజుపెంకు ఎండకి మెరిసే నీలం.

జువాలజీలో డిగ్రీ చేశాను నేను. ఆ పట్టా ఇరవై రెండేళ్ళుగా బీరువా అడుగున పాత కరెంటు బిల్లుల కింద ఉంది. దాన్ని బయటికి తియ్యలేదు గానీ, ఆ రోజే ఒక వాడని డైరీ తీసి గళ్ళు గీశాను: తేదీ, వేళ, పువ్వు, ఎన్ని, ఎంతసేపు.

అత్తగారికి నీటికాసుల జబ్బుతో రెండు కళ్ళూ పోయి ఆరేళ్ళయింది. అంతకుముందు ముప్పై ఒక్క ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేశారు. "హలో అన్న గొంతు వింటే చాలు, మనిషి ఆకలి మీదున్నాడో అబద్ధమాడబోతున్నాడో చెప్పేసేదాన్ని" అని ఇప్పటికీ గొప్పలు పోతారు. పొద్దున తొమ్మిదింటికి ఆవిడ కుర్చీ పెరట్లో వేస్తాను. గోడకి నాలుగడుగుల దూరం. పదకొండుకి ఎండ కాళ్ళ మీదికొచ్చేదాకా అక్కడే.

"అదేంటమ్మాయ్, ఎగురుతూ ఎగురుతూ మధ్యలో గొంతు పెంచింది?" అన్నారు రెండోరోజు.

చూస్తే నీలిచారల ఈగ టమాటా పువ్వుని కావలించుకుని వేలాడుతోంది. టమాటా పుప్పొడి సన్నటి గొట్టాల్లో ఇరుక్కుని ఉంటుంది, మామూలు తేనెటీగకి రాదు. ఇది రెక్కలు ముడిచి ఒళ్ళంతా వణికిస్తుంది. ఉప్పుడబ్బా తిరగేసి కుదిపినట్టు పుప్పొడి రాలుతుంది. ఆ వణుకు చప్పుడే ఆవిడకి గొంతు పెంచినట్టు వినిపించింది. అదంతా చెప్పాను.

"తేనెపట్టు ఎక్కడ పెట్టాయి?"

"ఇవి పట్టు పెట్టవత్తయ్యా. గోడలో దేని గూడు దానిదే, దేని పిల్లలకి అదే వండిపెట్టుకుంటుంది."

"వేరు కాపురాలన్నమాట. సుఖం," అన్నారు.

అక్కణ్ణుంచి మా ఇద్దరికీ అదే పని. నేను కళ్ళు, ఆవిడ చెవులు. నేను వంటింట్లో ఉంటే కేక వేసేవారు: "అమ్మాయ్, వంకాయ దగ్గర ఒకటి, టమాటా దగ్గర రెండు!" వచ్చి చూస్తే సరిగ్గా అంతే. ఎర్రపూల తీగ మీదికి తేనెపిట్ట వచ్చి, పువ్వులోకి ముక్కు పెట్టకుండా దాని తొడిమ దగ్గర చిల్లు పొడిచి తేనె తాగిపోయేది. పుప్పొడి అంటదు, పువ్వుకి ఏ లాభమూ లేదు. "దొడ్డిదారి పిట్ట వచ్చింది చూడు" అనేవారు, దాని కిచకిచ వినగానే.

సాయంత్రాలు ఇంకో వింత. మగ ఈగలకి గూడు ఉండదు. ఎండిపోయిన ఒక బంతి కాడని దవడలతో కరుచుకుని, కాళ్ళు ముడుచుకుని, వరసగా నిద్రపోయేవి. లెక్కపెడితే పదకొండు. ఆవిడ చెయ్యి పట్టుకుని, తగలకుండా కాడ దగ్గరిదాకా తీసుకెళ్ళి చెప్పాను.

"పెళ్ళాలు ఇంట్లో పడుకుంటే మొగుళ్ళు బయట కొమ్మ కరుచుకు వేలాడుతున్నారా! మీ ఆయన్ని పిలు, చూపిద్దాం."

అప్పుడే సైటు నుంచి వచ్చిన మా ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకునే నవ్వారు. "నాకు ఏ కొమ్మ కేటాయించావోయ్?" అని లోపలికి వెళ్ళిపోయారు. ఆయన చెడ్డవారని నేను ఎప్పుడూ అనలేదు. చెప్పేది వింటారు. గేటు దాటేసరికి అది ఉండదు, అంతే.

మూడో వారం, పది గంటల వేళ, అత్తగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

"ఇది వేరే."

"ఏది?"

"పువ్వు దగ్గర ఆగట్లేదు. గోడ వెంట పోతోంది, ఆగుతోంది, మళ్ళీ పోతోంది. రాంగ్ నంబరు తిప్పినవాడు నీళ్ళు నమిలినట్టుంది."

నాకేమీ కనిపించలేదు. ఆవిడ వేలు చూపించిన వైపే పావుగంట చూశాను. అప్పుడు కనిపించింది. నల్లటి ఒళ్ళు, దాని మీద ఆకాశం రంగు చుక్కలు, ఎవరో పుల్లతో చుక్క చుక్కగా పెట్టినట్టు. నీలిచారల ఈగ గూట్లోంచి బయటికెళ్ళేదాకా ఇటుక అంచున నక్కి కూర్చుంది. అది వెళ్ళగానే గూట్లో దూరి, అరనిమిషంలో బయటికొచ్చి వెళ్ళిపోయింది.

కాలేజీలో పుస్తకంలో బొమ్మగా చూశాను దాన్ని. సొంత గూడు కట్టుకోదు. కాకి గూట్లో కోకిలలా, పరాయి గూట్లో గుడ్డు పెట్టిపోతుంది.

"అయితే ఆవిడ పిల్లలకి వండి దాచుకున్నది దీని పిల్ల తింటుందా?"

"అవునత్తయ్యా."

"ఎవరూ అడ్డుకోరా?"

"ఇంట్లో లేనప్పుడు చూసుకుని వస్తుంది."

"ఊఁ," అన్నారు.

ఆ వారమే పేపర్లో ఒక ప్రకటన చూశాను. కీటకాల పరిశోధన కేంద్రం ఒకటి, ఇంటి తోటల్లో కనిపించే ఈగల, పిట్టల వివరాలు రాసి పంపమంది. బాగా రాసినవాళ్ళలోంచి ఐదుగుర్ని పరిశీలకులుగా తీసుకుంటుందట. వారానికి మూడు రోజుల ఉద్యోగం. ఆ ముక్క కత్తిరించి ఉప్పుడబ్బా కింద పెట్టాను. రెండు రోజులు ఉప్పు తీసినప్పుడల్లా చదివాను. మూడో రోజు నాలుగు పేజీలు రాశాను.

"చదువు, విందాం," అన్నారు అత్తగారు.

చదివాను. రెండో పేజీ చివర, "పువ్వుల దగ్గర ఆగకుండా గోడ వెంట తిరుగుతున్న ఈ ఈగ తీరులోని తేడాని నేను మొదట గమనించాను" అన్న చోటికి వచ్చేసరికి నా నాలుక ఒక్క క్షణం తడబడింది. రాసేటప్పుడు అది అబద్ధమని తోచలేదు. రాసేది నేనే కాబట్టి నేను అని రాసుకుంటూ పోయాను. ఆగితే ఇంకా బయటపడతానని చదివేశాను.

ఆవిడ చివరిదాకా విన్నారు. "బాగా రాశావు," అన్నారు. "చేతిరాత ఎలా ఉందో మరి, నాకు తెలీదుగా."

ఆ పేజీ మళ్ళీ రాద్దామనుకున్నాను. పోస్టు డబ్బాలో ఉత్తరాలు తీసుకెళ్ళే వేళ అవుతోంది. అలాగే కవరు అంటించాను.

పది రోజులకి ఫోను మోగింది. మా ఇంట్లో ఫోను ఎప్పుడూ ఆవిడే తీస్తారు. "నీకే. ఎవరో ఆడమనిషి. మంచి వార్తే, గొంతులో తెలుస్తోంది," అని నా చేతికిచ్చి, అక్కడే నిలబడ్డారు. అవతల కేంద్రంలో పెద్ద మేడం. మా చుట్టుపక్కల ఆ చుక్కల ఈగ ఉన్నట్టు వాళ్ళ రికార్డుల్లోనే లేదట. గురువారం ఎంపికైన అందరూ కేంద్రానికి రావాలి. శనివారం ఆవిడే మా ఇంటికొచ్చి గూళ్ళు చూస్తారు. గూళ్ళు ఉన్నమాట నిజమైతే ఆ గోడనే ఏడాది పొడుగునా పరిశీలిస్తారు, పని నాకే ఇస్తారు.

"మీరొక్కరే ఇంత చూశారా!" అన్నారు మేడం. ఫోను లోపలి గొంతు బయటికి బాగానే వినిపిస్తుంది.

"అవునండీ," అన్నాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పాను.

"పురుగులు లెక్కపెడితే జీతమిస్తారా? మా మేస్త్రీలకి చెప్పకు, అందరూ వచ్చేస్తారు," అన్నారు మా ఆయన. తర్వాత చెయ్యి ఆపి, "మరి అమ్మ?" అన్నారు.

"వెనక వీధిలో ఒకావిడ ఉంది, ఆస్పత్రిలో ఆయాగా చేసి మానేసింది. ఆ మూడు రోజులూ వచ్చి ఉంటుంది. మాట్లాడాను."

"మాట్లాడేశావా?" అన్నారు అత్తగారు. ఆవిడ వేళ్ళు కంచం అంచు చుట్టూ తిరిగి మంచినీళ్ళ గ్లాసు దగ్గర ఆగాయి. "మంచిదే. కొత్త గొంతు. అలవాటు చేసుకోవాలి."

నేను మా ఆయన వైపు తిరిగి, "శనివారం వాళ్ళొచ్చి చూసేది పెరటి గోడనే," అన్నాను. గోడ ఎందుకని ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. చెబితే "కన్నాలు చూడ్డానికి కారేసుకుని వస్తారా!" అని నవ్వుతారు. నవ్వితే ఏమీ పోదు, కానీ ఆ పూట ఆ నవ్వు వినాలనిపించలేదు.

గురువారం కేంద్రంలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉన్నాను. నాకంటే చిన్నవాళ్ళే అందరూ. నా డైరీ చేతులు మారింది. ఒకమ్మాయి "ఇంత నీటుగా ఎలా రాశారండీ?" అంది. ఇరవై రెండేళ్ళలో నా వంట కాకుండా ఇంకోటి మెచ్చుకున్నది ఆ అమ్మాయే. తిరిగొస్తూ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, చాలా కాలం తర్వాత, ఊరికే నవ్వుకున్నాను.

గేటు తీస్తూంటేనే తడి సిమెంటు వాసన వచ్చింది. ఎదురింటి వాళ్ళేదో చేయిస్తున్నారనుకున్నాను.

మా ఆయన గుమ్మంలోనే ఉన్నారు. చొక్కా మీద సిమెంటు మరకలు. "కళ్ళు మూసుకో," అని చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళారు. "ఇప్పుడు చూడు."

ఈ మూల నుంచి ఆ మూల దాకా గోడ నున్నగా, బూడిదరంగులో, ఇంకా తడిగా మెరుస్తోంది. ఒక్క అల లేదు, ఒక్క గీత లేదు. పైన అంచుకి తాపీతో అందంగా గాడి కూడా లాగించారు.

"పదకొండేళ్ళు సాధించావుగా! ఈ మధ్య నువ్వు అడగడం మానేస్తే నాకే ఎలాగో అనిపించింది. పెద్దవాళ్ళొచ్చి చూస్తారంటివి, కాంట్రాక్టరు ఇంటి గోడ అలా ఉంటే పరువుంటుందా? ఇంకో సైటు ఆపించి ఇద్దరు మేస్త్రీల్ని తెచ్చా. పొద్దుటి నుంచి నేనూ ఇక్కడే. ఆ ఈగలేమిటోగానీ తెగ ముసిరాయి, పాపం వాళ్ళు తలకి తువ్వాలు చుట్టుకుని చేశారు."

ఆయన మొహం చూశాను. బహుమతి తెచ్చి, ఎప్పుడు విప్పుతారా అని చూసే మొహం.

"బాగుంది," అన్నాను.

అత్తగారి కుర్చీ ఎప్పటి చోటే ఉంది. ఆవిడ అందులో లేరు, లోపల మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆవిడ చెప్పులు కుర్చీ పక్కనే ఉన్నాయి. ఎడమ చెప్పు మీద సిమెంటు చుక్క ఒకటి పడి ఎండిపోయింది. గోటితో గీకాను. రాలేదు.

శనివారం మేడం వచ్చారు. వెంట ఒక కెమెరా అతను. పెరట్లోకి అడుగుపెట్టి, చుట్టూ చూసి, "ఏ గోడండీ?" అన్నారు.

"ఇదే," అన్నాను.

"మొన్ననే చేయించానండీ," అన్నారు మా ఆయన. "ఇసుక రెండుసార్లు జల్లెడ పట్టించాం. చేత్తో రాసి చూడండి."

మేడం రాసి చూశారు, మర్యాదకి. "ఫినిషింగ్ చాలా బాగుంది," అన్నారు. కెమెరా అతను మూత తియ్యకుండానే నిలబడ్డాడు. మా ముందే ఒక నీలిచారల ఈగ వచ్చి, మోకాలెత్తున గోడ ముందు గాలిలో ఆగి, ఒక జానెడు అటు, ఒక జానెడు ఇటు కదిలి, వెళ్ళిపోయింది. మేడం దాన్ని చూశారు. నన్ను చూశారు. నేను టీ కప్పులు సర్దుతున్నాను.

కారు దగ్గర నెమ్మదిగా అన్నారు: "గూళ్ళు లేకుండా ఈ పని లేదండీ. మీకే తెలుసు. ఇంట్లో ఒక్కరికైనా చెప్పి ఉండాల్సింది. వీటి సంగతి ఇంకెవరికీ తెలీదా?"

"నేనొక్కదాన్నే చూశానని చెప్పాను కదండీ," అన్నాను.

ఆవిడ తల ఊపి కారెక్కారు.

కొత్త పూతని వారం రోజులు తడపాలి. రోజుకి మూడుసార్లు. లేకపోతే పగుళ్ళిస్తుంది. మా ఆయన పైపు బిగించి, "నువ్వయితేనే వేళకి తడుపుతావు," అని నాకప్పగించి సైటుకి వెళ్ళారు. పగిలితే పగలనివ్వకూడదా అని మీరనవచ్చు. పగిలినా లోపలున్నవి బయటికి రావు. అది నాకు తెలుసు. ఏడింటికి, పన్నెండింటికి, నాలుగింటికి తడిపాను. ఒక్క పూట తప్పలేదు.

మూడో రోజు సాయంత్రం మా ఆయన గోడని వేలితో తట్టి చూస్తూ, "బాగా పట్టింది," అన్నారు. అప్పుడు చెప్పాను. గోడలో గూళ్ళున్నాయని, వాళ్ళొచ్చింది వాటికోసమని, నాకు పని ఇస్తామన్నది వాటివల్లేనని.

ఆయన గోడ మీదున్న చెయ్యి తీసేశారు.

"నాకెలా తెలుస్తుంది? ఒక్క ముక్క చెప్పొద్దూ?" అన్నారు. తర్వాత, తనలో తాను అనుకుంటున్నట్టు, "అమ్మ ఇక్కడే ఉందిగా. పొద్దున తొమ్మిదింటి నుంచీ కుర్చీలోనే ఉంది. దుమ్ము పడుతుంది లోపలికి రామ్మా అంటే రానంది. మేస్త్రీ అడిగాడు కూడా, ఇన్ని ఈగలేమిటమ్మా, లోపల ఏమైనా ఉన్నాయా అని."

"ఏమన్నారు?"

"'ఏమో నాయనా, నాకు కనిపించదు కదా' అంది."

పైపులోంచి నీళ్ళు నా కాళ్ళ మీద పోతున్నాయి. కొళాయి కట్టాను.

"పగలగొట్టించనా?" అన్నారాయన.

"వద్దు," అన్నాను. "బాగా కుదిరింది."

అత్తగారిని నేనేమీ అడగలేదు. వెనక వీధి ఆవిడ వస్తే ఇల్లు నిశ్శబ్దమైపోతుందని భయమేసిందో, ఆ రెండో పేజీ చివరి మాట చెవిలో ఉండిపోయిందో. అడిగితే ఆవిడ రెండింటిలో ఏది చెప్పినా నేను తట్టుకోలేను. మొదటిది చెబితే జాలిపడాలి. రెండోది చెబితే తల దించుకోవాలి. అడక్కపోతే కోపం నా దగ్గరే ఉంటుంది. నేను కోపాన్నే ఉంచుకున్నాను.

వేళకి టీ ఇచ్చాను. మందులు వేశాను. తొమ్మిదింటికి కుర్చీ వేశాను. ఆవిడ చెప్పులు ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టాను, ఎడమదాని మీద చుక్కతో సహా.

"ఆ కొత్తావిడ ఎప్పణ్ణుంచి వస్తుంది?" అన్నారు నాలుగో రోజు.

"రాదత్తయ్యా. అవసరం లేదన్నాను."

"ఓహో," అన్నారు. కప్పులో టీ అడుగుదాకా తాగారు.

బంతి కాడ మీద మగ ఈగలు సాయంత్రానికి ఏడు. మర్నాటికి నాలుగు. ఆ మర్నాడు ఒకటి, కాడని కరుచుకుని. అవన్నీ డైరీలో రాసుకున్నాను. ఎవరికీ చదివి వినిపించలేదు.

ఏడో రోజు తడపడం ఆఖరు. ఎందుకో పొద్దున ఆలస్యమైంది, పది దాటాక పైపు పట్టుకున్నాను. అత్తగారు కుర్చీలో ఉన్నారు. గోడ తడిసి నల్లబడింది. నీళ్ళు ఆపగానే ఆ చప్పుడు వినిపించింది. నీలిచారల ఈగ ఒకటి, మోకాలెత్తున, గోడ ముందు గాలిలో నిలబడి ఉంది. ఒక జానెడు అటు. ఒక జానెడు ఇటు. సరిగ్గా ఆ కన్నం ఉన్న చోట.

అత్తగారి తల అటు తిరిగింది. ఆవిడ మొహంలో ఒక వెలుగు వచ్చింది, నిజం చెప్పాలంటే.

"అమ్మాయ్! వచ్చింది చూడు. మనదే కదూ?"

"ఎక్కడ?"

"గోడ దగ్గర. ఏదో వెతుక్కుంటోంది."

"ఏమీ లేదత్తయ్యా."

ఈగ మా ఇద్దరి మధ్యే ఉంది. చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో.

"వినిపిస్తోందే," అన్నారు.

"పక్కింట్లో మోటారు వేసినట్టున్నారు."

ఆవిడ తల కాస్త వంచి, మళ్ళీ విన్నారు. అరచెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని, తీసి, ఇంకో చెవికి పెట్టుకున్నారు. కళ్ళు పోయినప్పుడు కూడా ఆవిడ మొహంలో నేను చూడని భయం అప్పుడు చూశాను.

"ఇవి కూడా పోతున్నాయా ఏమిటి?" అన్నారు మెల్లగా.

"వయసొచ్చింది కదా," అన్నాను.

పైపు చుట్టి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని డైరీ తీశాను. తేదీ వేశాను. వేళ, పది ఇరవై. పువ్వు అన్న గడిలో గోడ అని రాశాను. ఎన్ని అన్న చోట ఒకటి. ఎంతసేపు అన్న గడి ఖాళీగా వదిలేశాను. అది ఇంకా వెళ్ళలేదు.